బొమ్మక్క చీరల కంచె

మూడు నెలల్లో బొమ్మక్క సంచి సర్దడం ఇది నాలుగోసారి. కాలు బెణికిన చెల్లెలికి వారం రోజులు వండిపెట్టి పోదామని కోయంబత్తూరు నుంచి వచ్చిన మనిషి. మొదటిసారి బావి మోటారు కాలిపోయింది. రెండోసారి ఆవు ఈనింది. మూడోసారి కోతులు ఆమె చెప్పుల్లో ఒకదాన్ని ఎత్తుకుపోయాయి. మంసాపురం దాటి కొండ కింద ఉన్న ఆ తోటకు రోజుకు ఒకటే బస్సు. అదీ మైలు దూరంలోనే తిరిగిపోతుంది.

"ఈసారి ఎముడే దోవకి అడ్డమొచ్చినా పోతా," అంటూ చీరలన్నీ పసుపు గుడ్డసంచిలో కుక్కింది.

చెల్లెలు చెల్లమ్మ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అక్క పోతే తోటలో తనతో నవ్వేవాళ్ళుండరు. మొగుడు గోవింద మంచివాడే గానీ, జోకు చెబితే మర్నాడు నవ్వుతాడు. పైగా చెల్లమ్మకు ఒక భయం: సంచి పట్టుకొని బస్సెక్కినవాళ్ళు మళ్ళీ కనబడరని. ఇంకొక్క రోజు ఉంటే చాలు అనుకుంది.

బొమ్మక్క పంపుసెట్టు దగ్గరికి స్నానానికి పోయింది. మంచం మీద రెండు పసుపు సంచులు, కవల పిల్లల్లా. రెండోదాంట్లో పాత చీరలు. అడవిపందులు రాకుండా మొక్కజొన్న చేను చుట్టూ కట్టడానికి. గోవింద వచ్చి ఒక సంచి భుజాన వేసుకుని పోయాడు. అది బొమ్మక్క సంచి. చెల్లమ్మ చూసింది. నోరు తెరిచింది. మూసుకుని కాఫీ గిన్నె వైపు తిరిగింది.

కాసేపటికి అక్కాచెల్లెళ్ళు మిగిలిన సంచి పట్టుకొని గట్టు మీద బయలుదేరారు. చేను దగ్గర బొమ్మక్క ఆగిపోయింది.

"ఏమే చెల్లీ, ఆ చిలకపచ్చ పట్టుచీర నాది మాదిరి లేదూ?"

"మాదిరే ఉండాదిక్కా."

"అయ్యయ్యో, పావడా! రవికలు కూడానా!"

చేను చుట్టూ బొమ్మక్కే ఊరేగుతోంది. రెండు రవికలు కర్రల మీద చేతులు చాపుకుని నిలబడ్డాయి. గోవింద ఆఖరి ముడి బిగించి గర్వంగా తిరిగాడు.

"ఎట్లుండాది వదినా? పంది కాదు, ఏనుగొచ్చినా దండం పెట్టి పోతాది."

"పెట్టదా మరి! నా కల్యాణం చీర కర్రకి కట్టినావు కదయ్యా, తాళి ఒక్కటే కొరత!"

గోవింద చీర వైపు, సంచి వైపు, పెళ్ళాం వైపు చూశాడు. "నేను అప్పుడే అనుకుంటిని, పాతచీరలు ఇంత మంచి వాసనగా ఉండాయేమని."

బొమ్మక్క గట్టు మీద కూలబడి నవ్వింది. చెల్లమ్మకు నవ్వుతో ఎక్కిళ్ళు పట్టాయి. మర్నాడు నవ్వే గోవింద కూడా ఆరోజే నవ్వేశాడు. ముగ్గురూ ముడులు విప్పుతుండగానే దూరంగా బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది.

"నువ్వు చూడలేదా చెల్లీ?" అంది బొమ్మక్క.

"పొయ్యి పొగక్కా, కండ్లు కానరాలేదు."

"గ్యాసు పొయ్యికి పొగేమే, దొంగదానా!"

పచ్చచీర ముడి మాత్రం ఎంతకీ రాలేదు. "ఉండనీ," అంది బొమ్మక్క. "కంకులు విరిచేటప్పుడు వచ్చి నేనే విప్పుకుంటా. అంతదాకా నా బదులు అది కావలి."

మర్నాడు, శుక్రవారం, బస్సు దొరికింది. బొమ్మక్క మళ్ళీ రాలేదు. జనవరి ఇరవై ఎనిమిది, మంగళవారం, కోయంబత్తూరులో కొడుకింట్లో చనిపోయింది. చేలో చెల్లమ్మా గోవిందా కంకులు విరిచింది ఆ తరువాత పన్నెండో రోజున.