ముందు వరుస మూడో సీటు

మధ్యాహ్నం ఆటకి టికెట్లు చింపే ఆయన ముందు వరుస వాళ్లని అడిగేది ఒకటే మాట. "గొడుగు తెచ్చుకున్నారా?" లేదంటే మూలనున్న డబ్బాలోంచి ఒకటి తీసిస్తాడు. ఆ హాల్లో ఆడే పాత సినిమాలో బాణాలు తెర దాటి వస్తాయి. ఆట అయ్యాక ఊడ్చే ముసలామె వాటిని ఏరి, కట్టలు కట్టి మెట్ల కింద పెడుతుంది.

సినిమా ఓ దొంగల దొర కొడుకు కథ. తండ్రిని చంపిన రౌతులు గుర్రాల మీద కోటలోకి దూసుకొస్తుంటే వాడు "నేను దొర కొడుకునిరా!" అని అరిచి, ఇనప తలుపుని పైకెత్తి ఉంచిన తాడుని బాణంతో కొడతాడు. తలుపు దభీమని పడుతుంది. రౌతులు అవతలే ఆగిపోతారు. తాడు తెంపిన బాణం మాత్రం హాల్లోకి వచ్చేస్తుంది.

ఆ అరుపు వినగానే, పైన మెషిన్ గదిలో రీళ్లు నడిపే ఆపరేటరమ్మ చిన్న కిటికీకి ముఖం ఆనిస్తుంది. ముందు వరుస రెండో సీట్లో ఆమె ఎనిమిదేళ్ల కూతురు ఉంటుంది. బడి ఒంటిపూటే. ఇంట్లో చూసేవాళ్లు లేరు. మెషిన్ గది వేడికి పిల్లకి దగ్గొస్తుంది. "వాడు అరవగానే వంగు" అని రోజూ చెప్పి పంపుతుంది. పిల్ల వంగుతుంది. అయినా ఆ తల మళ్లీ పైకి లేచేదాకా తల్లి కిటికీ వదలదు.

సోమవారం బాణం పక్కనున్న మూడో సీట్లో దిగబడింది.

"జానెడు దూరం ఉందిగా అమ్మా."

"జానెడా! నోర్ముయ్!"

మర్నాడు పొద్దున్నే ఆమె రీలు విప్పి, అరుపూ బాణమూ ఉన్న ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించింది. కోసిన ముక్క పారెయ్యకూడదని పని నేర్పినాయన చెప్పాడు. అందుకని రేకు డబ్బాలో దాచింది.

"ఇవాళ మూడో సీట్లో కూర్చో. ఇంక అక్కడికి మాత్రం ఏదీ రాదు" అంది కూతురితో.

బాణం గురించే ఆలోచించింది. తాడు సంగతి తట్టలేదు.

ఆ మధ్యాహ్నం బాణం రాలేదు. తాడు తెగలేదు. తలుపు పడలేదు. రౌతులు ఆగలేదు. మొదటి గుర్రం డెక్క తెర అంచు మీద పడింది. ముందు వరుస దుమ్ము కొట్టుకుపోయింది.

మెషిన్ ఆపితే? వెలుగు పోయినంత మాత్రాన, దాటి వచ్చినవి వెనక్కి పోవు. మెట్ల కింద కట్టలే అందుకు సాక్ష్యం. చీకట్లో గుర్రాలు, వాటి కాళ్ల కింద ముందు వరుస జనం.

డబ్బాలోంచి ముక్క తీసింది. దీన్ని వెలుగులో పెడితే బాణం వస్తుంది. నిన్నటి బాణమే కాబట్టి, వచ్చేది నిన్న దిగిన మూడో సీటుకే. అక్కడ కూర్చోబెట్టింది తనే. పైగా చేత్తో లాగిన ముక్కకి చప్పుడు ఉండదు. వాడు అరవడు. పిల్ల వంగదు.

ఆమె కిటికీకి నోరు ఆనించి, "నేను దొర కొడుకునిరా!" అని గొంతు చించుకుని అరిచింది. అరుస్తూనే దీపానికీ లెన్సుకీ మధ్య ముక్కని చేత్తో లాగింది.

గొడుగులన్నీ టపటపా విచ్చుకున్నాయి. బాణం వచ్చి మూడో సీటు వీపులో దిగింది. తలుపు పడింది. ఒక్క లాడం మాత్రం ఇవతల నేలమీద దొర్లింది.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. పిల్ల తల, మెడ, చెవులు తడుముతూనే ఉంది. జడ రిబ్బను బాణం కింద ఇరుక్కుని ఉంది.

"ఏంటమ్మా, నువ్వెప్పుడు దొర కొడుకువయ్యావ్?" అన్నాడు టికెట్లాయన.

"వాడికంటే అమ్మే బాగా అరిచింది" అంది పిల్ల.

మర్నాడు ముక్కని మళ్లీ రీల్లో అతికించింది. పిల్ల రెండో సీటుకి తిరిగి వెళ్లింది. ఆటలో దొర కొడుకు అరిచాడు, విల్లు ఎక్కుపెట్టాడు. కానీ వదల్లేదు. ముందు వరుస వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్ల రిబ్బను సర్దుకుని తీరిగ్గా వంగింది. అప్పుడు వదిలాడు.

అప్పట్నుంచి ఆ సినిమా రెండు మూడు క్షణాలు ఎక్కువ ఆడుతోంది. ఆ క్షణాల్లో రౌతులు ఇంకాస్త దగ్గరికొస్తారు. చివర్లో జనం వాణ్ణి ఎత్తుకుని ఊరేగించే చోట వాడి ఎడమ భుజానికి కట్టు కనిపిస్తుంది. ఇదివరకు ఉండేది కాదు.

కిటికీకి ముఖం ఆనించిన ఆపరేటరమ్మ ఇప్పుడు ఇద్దరి కోసం భయపడుతుంది.