వంకర జడ

ఊళ్లో మిగతా వీడియో షాపులన్నీ గోడ మీద బోర్డు పెట్టుకుంటాయి, క్యాసెట్టు రివైండ్ చేసి తిరిగి ఇవ్వవలెను అని. క్యాసెట్టక్క షాపులో మాత్రం వ్యవహారం తిరగబడి ఉంటుంది. ఎవరైనా బుద్ధిగా రివైండ్ చేసి తెచ్చారంటే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది. "ఎవరు తిప్పమన్నారు నిన్ను? ఎక్కడ ఆపితే అక్కడే వదిలేసి తెమ్మన్నానా లేదా?" అని కేకలేస్తుంది. ఇదేదో ఆవిడ మంచితనమని జనం అనుకుంటారు. మంచితనమూ లేదు, మట్టిగడ్డలూ లేవు. క్యాసెట్టు ఎక్కడ ఆగిందో చూస్తే చూసినవాడి అసలు అభిప్రాయం బయటపడుతుంది, అదీ సంగతి.

ఎందుకంటే మనిషి నోరుంది చూశారూ, సినిమాల దగ్గర అది మహా అబద్ధాలకోరు. మాస్టారు ఒకే పాత సినిమాను పదే పదే తీసుకెళ్లి, తిరిగిస్తూ "ఆహా, సినిమా అంటే అదమ్మా! ఇప్పుడేమున్నాయి?" అని నిట్టూరుస్తారు. క్యాసెట్టు మిషన్‌లో పెట్టి చూస్తే ఏముంది, మూడో పాట దగ్గరే ఆగి ఉంటుంది. పెద్దాయన హాయిగా నిద్రపోయారన్నమాట. ఏ సినిమా ఇచ్చినా "వట్టి చెత్త" అని మొహం చిట్లించే దర్జీ క్యాసెట్టేమో ఆఖరి పేరు పడేదాకా నడిచి ఉంటుంది. "నోటిని నమ్మకు, టేపును నమ్ము" అన్నది క్యాసెట్టక్క వేదవాక్కు. ఈ శాస్త్రంలో తనను మించినవాళ్లు లేరని ఆవిడ ధీమా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుంది. చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుండటం వల్ల ఎవరూ ఎదురు చెప్పరు.

ఇంతటి ఆవిడకు ఒక అన్నయ్య ఉన్నాడు. సినిమాలకు ఎడిటరు. ఎవరెవరో తీసిన సినిమాలు కత్తిరించి బతికే మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి తానే సినిమా తీశాడు. మాస్టారు పదే పదే తీసుకెళ్లేది ఆ సినిమానే. తీసినవాడు ఫలానా అని మాత్రం షాపుకు వచ్చేవాళ్లెవరికీ తెలియదు. అక్క చెప్పలేదు, చెప్పొద్దని అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు.

దానికీ కారణముంది. ఆ సినిమాలో ఒక జడ సీనుంది. ఇంట్లో తల్లి లేని ఒక పొద్దున, తండ్రి కూతురికి జడ వేస్తాడు. వేయడం రాదు. వేస్తాడు, ఊడదీస్తాడు, మళ్లీ వేస్తాడు. మాటల్లేవు, పాట లేదు, దువ్వెన చప్పుడు తప్ప ఏమీ లేదు. మొదటి ఆట రోజున హాల్లో ఎవడో "గుండు కొట్టించరా బాబూ, పనైపోతుంది!" అని అరిచాడు. ఇక చూస్కోండి, హాలు హాలంతా ఈలలు, పిల్లికూతలు. తలుపు దగ్గర నిలబడి ఉన్న అన్నయ్య అంతా విన్నాడు. సినిమా వారం తిరక్కుండా పెట్టెలోకి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ సొంత సినిమా జోలికి పోలేదు, కనీసం దాని పేరు కూడా ఎత్తలేదు.

ఇన్నేళ్లకు పాత సినిమాలను డిస్కులుగా తెచ్చే కంపెనీ ఒకటి ఆ సినిమాను అడిగింది. నెగెటివు ఎప్పుడో పాడైపోయింది, మిగిలింది ఒక్క ప్రింటు. దాన్నుంచి డిస్కు చేసేస్తే ఆ డిస్కులో ఉన్నదే ఇక సినిమా, లేనిది లేనట్టే. మార్పులేమైనా ఉంటే ఇవాళ సాయంత్రంలోపు ఫోన్ చేసి చెప్పమన్నారు. చెల్లెలి ఇంటికి వచ్చి ఉన్న అన్నయ్య, షాపులో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ తన నిర్ణయం చెప్పాడు.

"ఆ జడ సీను తీసెయ్యమంటాను. ఈసారైనా నలుగురి చేతా తిట్లు తినకుండా బతుకుతుంది."

"శుభ్రంగా తీయించెయ్," అంది క్యాసెట్టక్క, డిస్కులకు దుమ్ము తుడుస్తూ. "నేనైతే ఎప్పుడో తీసేశాను."

"నువ్వు తీసెయ్యడమేమిటే?"

"మన క్యాసెట్టులోంచి. మిషన్‌లో ఊరికే ఇరుక్కుంటోంది. చూస్తే సరిగ్గా జడ దగ్గరే టేపు నలిగిపోయి, బొమ్మ మీద తెల్లగీతలు. కత్తెరతో ఆ ముక్క కోసి పారేసి రెండు కొసలూ అతికించాను. ఆ తర్వాత కూడా తీసుకెళ్తూనే ఉన్నారు, ఒక్కడైనా అడిగాడా? అయినా మన ఇంటి భాగోతం ఊరికెందుకన్నయ్యా?"

ఇంటి భాగోతమే మరి. చిన్నప్పుడు వాళ్లమ్మ తెల్లారకముందే మిల్లు పనికి వెళ్లిపోయేది. చెల్లెలి జడ అన్నయ్య పాలబడింది. ఆయనది ఎడమచేతి వాటం, పైగా నేర్పినవాళ్లు లేరు. జడ ఎప్పుడూ ఎడమ చెవి వైపుకు ఒరిగిపోయేది, రిబ్బను ముడి వెనక కాకుండా పక్కన పడేది. బళ్లో పిల్లలు ఆ పిల్లను "వంకర జడ" అనే పిలిచేవాళ్లు. అన్నవాళ్లను అది కొట్టేది, అది వేరే సంగతి. సినిమా తీసినప్పుడు హీరోకు చేతగాక, దగ్గరగా చూపించిన చేతులు మాత్రం అన్నయ్యవే పెట్టారు. ఆ జడ కూడా ఎడమకే ఒరిగింది.

"ఒక్కడైనా అడిగాడా" అన్న నోరు ఇంకా మూతపడలేదు, దర్జీ మెడలో కొలతల టేపుతోనే ఊడిపడ్డాడు. క్యాసెట్టు బల్ల మీద టప్పున పెట్టాడు.

"ఇది మోసం అక్కా. జడ ఏది?"

"ఏ జడ? నువ్వేగా ఈ సినిమా వట్టి చెత్త అన్నది?"

"చెత్తే! కాదన్నానా? హీరో దండగ, పాటలు శుద్ధ దండగ. ఆ జడ సీను కోసమే కదా తీసుకెళ్లేది! మా ఆవిడా నేనూ పోట్లాడుకున్న రోజున అది పెట్టుకుంటాం."

"పోట్లాటకీ జడకీ ఏమిటయ్యా సంబంధం?"

"నాకేం తెలుసు? చూశాక పోట్లాట ఎందుకొచ్చిందో గుర్తుండదు. ఇప్పుడు చూడు, నిన్నట్నుంచీ ఆవిడ నాతో మాట్లాడటం లేదు. అంతా నీ వల్లే."

దర్జీ గొణుక్కుంటూ పోయాడో లేదో, మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఆయనది కోపం కాదు, భయం. "అమ్మా, మొన్న తీసుకెళ్లినప్పుడు ఆ జడ వేసే చోటు నాకు కనబడలేదు. కళ్లు పోతున్నాయా, మతి పోతోందా?"

"మీకేం కాలేదు మాస్టారూ, నేనే కత్తిరించాను. అయినా మీరు మూడో పాట దగ్గర నిద్రపోతారుగా?"

"నిద్రా? ఎవరు చెప్పారు?" మాస్టారికి పౌరుషం వచ్చింది. "జడ సీను మూడో పాటకు ముందే కదా. అది చూస్తాను, కాస్త వెనక్కి తిప్పి ఇంకోసారి చూస్తాను, మళ్లీ తిప్పి ఇంకోసారి. పాట రాగానే కట్టేస్తాను. ఆ తర్వాత చూడ్డానికి ఏముందమ్మా దాంట్లో?"

ఆయన వెళ్లిపోయాక క్యాసెట్టక్కకు అసలు సంగతి వెలిగింది. టేపు ఎక్కడ ఆగిందో చూసింది గానీ ఎక్కడ అరిగిందో చూసి కూడా చూడలేదు. ఆ తెల్లగీతలు టేపు రోగం కాదు. వెనక్కి తిప్పీ తిప్పీ, చూసీ చూసీ జనం అరగదీసిన గీతలవి. ఊరంతా ఆ ముక్క మీదే తమ అభిప్రాయం రాసిపెడితే, తాను కత్తెర పట్టుకుని దాన్ని కాస్తా చెత్తబుట్టలో వేసింది. తన శాస్త్రం తననే వెక్కిరించినందుకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చునే రకం కాదు ఆవిడ. ఎంత ధీమాగా కత్తిరించిందో అంతే ధీమాగా ఇటు తిరిగింది.

"అన్నయ్యా, ఆ సీను తీయించావంటే నా గడప తొక్కకు."

"ఇందాక శుభ్రంగా తీయించెయ్ అన్నావు!"

"ఇందాక తెలీదు, ఇప్పుడు తెలిసింది. టేపు ఎందుకు అరిగిందో విన్నావుగా?"

"విన్నాను. ఇద్దరు మనుషులు నోటితో చెప్పారు." అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "నోటిని నమ్మకు అన్నది ఎవరు? నీ మొహం చూసి మంచి మాట అన్నారే వాళ్లు. ఆ రోజు హాల్లో ఎవరి మొహమూ చూడక్కర్లేదు, చీకటి. అప్పుడు అన్నదే నిజం."

"టేపు అరిగిపోయింది కదా, అది కూడా అబద్ధమేనా?"

"ఆ టేపేదీ? చూపించు."

చూపించడానికి ఏముంది, బుట్ట ఎప్పుడో ఖాళీ చేసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? క్యాసెట్టక్కకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నయ్య లేచి షాపు ఫోన్ అందుకుని నంబరు తిప్పాడు. అవతల మోగుతోంది.

అప్పుడే బస్సు డ్రైవరు ఖాకీ చొక్కాతో లోపలికి వచ్చాడు. ఎడమచేత్తో బడికి వెళ్లే వయసు కూతుర్ని పట్టుకుని, దర్జీ బల్ల మీద పెట్టి వెళ్లిన క్యాసెట్టును కుడిచేత్తో ఎత్తి చూపించాడు.

"అక్కా, ఏం చేశావు దీన్ని? పోయిన వారం తీసుకెళ్తే జడ దాకా వచ్చి గెంతేసింది. నాకు ముడి రావట్లేదు!"

"ఏం ముడి?"

"రిబ్బను ముడి! మా ఆవిడకి హాస్పిటల్లో రాత్రి డ్యూటీలు పడ్డాయి. పొద్దున్నే దీన్ని తయారుచేసేది నేనే. జడ ఎవరు నేర్పుతారు నాకు? డిపోలో అడిగితే నవ్వుతారు. ఈ సినిమా పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, అలా నేర్చుకున్నాను. పాయలు వచ్చేశాయి. ముడి దగ్గరికొచ్చేసరికి నువ్వు కోసేశావు. చూడు, ఎలా ఊడిపోతోందో!"

అన్నయ్య డ్రైవరు మొహం చూడటం లేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ పిల్ల తల వైపు చూస్తున్నాడు. పిల్ల బల్ల మీది రంగురంగుల డబ్బాలు చూడటానికి అటు తిరిగింది. జడ ఎడమ చెవి వైపుకు ఒరిగి ఉంది. మొదటి పాయ తప్పు వైపు నుంచి మొదలైంది. రిబ్బను వెనక కాకుండా పక్కన వేలాడుతోంది. డ్రైవరు కుడిచేతి మనిషి. కుడిచేతి మనిషి వేస్తే జడ అటు ఒరగదు, ఎవరినైనా చూసి వేస్తే తప్ప.

"హలో? హలో? ఎవరండీ?" అంటోంది ఫోన్.

"ఈ సినిమా నువ్వు హాల్లో చూశావా?" అని అన్నయ్య డ్రైవరును అడిగాడు.

"మొదటి రోజే! ఈలలు వేసి వేసి గొంతు పోయింది. ఈ సీనుకే." డ్రైవరు ఏమాత్రం మొహమాటపడలేదు. "అప్పటికి నాకు పెళ్లే కాలేదు సార్. జడ వేయడమంటే ఎంత కష్టమో నాకేం తెలుసు?"

అన్నయ్య నవ్వాడు. ఆ సినిమా మాట వచ్చినప్పుడు ఆయన నవ్వడం క్యాసెట్టక్క చూడటం అదే మొదలు. ఫోన్‌లో చెప్పాడు: "నేనేనండీ, జడ సినిమా డైరెక్టర్ని. మార్పులేమీ లేవు. ఒక్క అంగుళం కూడా ముట్టుకోవద్దు. ఆ, జడ సీనుతో సహా. ముఖ్యంగా అది." పెట్టేశాడు.

ఈలల సంగతి గుర్తొచ్చి డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. క్యాసెట్టక్క మాత్రం ఈ అవకాశం వదులుకునే మనిషా? "నేను చెప్పలేదూ? టేపు అబద్ధమాడదని!" అంది, కత్తెర సంగతి ఎవరూ ఎత్తకముందే. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీ సినిమా రచ్చలో ఓడిపోయినా ఇళ్లలో గెలిచిందన్నయ్యా."

అన్నయ్య పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, రిబ్బను విప్పి, జేబులోని దువ్వెనతో జడ కొస సరిచేశాడు. "ఇటు రావయ్యా, ముడి చూపిస్తాను. వేలు ఇక్కడ పెట్టు. గట్టిగా లాగకు, పిల్లకు నొప్పి." డ్రైవరు వంగి, స్టీరింగు తిప్పే లావుపాటి వేళ్లతో రిబ్బను పట్టుకున్నాడు. ఒకసారి జారింది, రెండోసారి నిలిచింది.

"బళ్లో వంకర జడ అంటున్నారు," అని పిల్ల ఫిర్యాదు చేసింది.

"నన్నూ అన్నారు," అంది క్యాసెట్టక్క. "ఎవరు వేశారో చెప్పు, నోరు మూస్తారు."

తండ్రీ కూతురూ వెళ్లిపోయారు. అన్నయ్య దువ్వెన బల్ల మీద పెట్టబోయాడు.

"ఉంచు, ఉంచు," అంటూ క్యాసెట్టక్క వచ్చి స్టూలు మీద వీపు తిప్పి కూర్చుంది. నెరిసిన ముడి లాగి విప్పేసింది.

"ఇదేమిటే, షాపులో! అసలు జుట్టెక్కడుంది నీకు?"

"ఉన్నదానికే వెయ్యి."

అన్నయ్య దువ్వెన ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.