శాంతించిన ఇంజన్

మా బావకు దేవుడు చెవులిచ్చాడు కానీ వాటిని వాడుకునే ఓపిక ఇవ్వలేదు. కొన్నాళ్లుగా అతని పికప్ డాష్‌బోర్డు మీద రెండు పసుపు లైట్లు వెలుగుతున్నాయి. ఆక్సిలరేటర్ మీద కాలు పెట్టకపోయినా ఇంజన్ గొంతు చించుకుంటోంది. మహానుభావుడు లైట్ల మీద నల్ల టేపు అంటించి, పాటల సౌండు పెంచుకుని సిమెంటు బస్తాలు తోలుతున్నాడు. చివరికి మా అక్క పోరు పడలేక ఈ ఉదయం నా షెడ్డుకు తెచ్చాడు. వెనక నిండా బస్తాలు, ముందు సీట్లో అక్క, వాళ్ల బుజ్జిది.

"తొందరగా కానియ్ బామ్మర్దీ, వీళ్లను కింద ఊళ్లో దింపాలి."

"నీ తొందరకు నా చేతులు పరుగెత్తవు బావా. వెళ్లి టీ తాగి రండి."

బానెట్ ఎత్తగానే బుస్సుమని సన్నటి చప్పుడు. దాని వెంటే వెతికితే దొరికింది. బ్రేకుకు బలమిచ్చే గుండ్రటి డబ్బా ఒకటుంటుంది, బూస్టర్. ఇంజన్ నుంచి దానికి వెళ్లే రబ్బరు గొట్టం చీలిపోయింది. ఆ చీలికలోంచి దొంగగాలి లోపలికి పోతోంది. ఇంజన్ అరుపు అందుకే.

ఇంకెక్కడా లీకు లేదని తేల్చుకోవాలి. గొట్టం పీకేసి, ఇంజన్ వైపు రంధ్రానికి బిరడా బిగించాను. డాష్‌బోర్డు మీది నల్ల టేపు పీకి, స్కానరు పెట్టి లైట్లు చెరిపాను. ఇంజన్ నెమ్మదించింది, లైట్లు మళ్లీ రాలేదు. తాళం జేబులో వేసుకుని, కొత్త గొట్టం కోసం పక్క వీధి స్పేర్ల కొట్టుకు బయల్దేరాను. టీ కొట్టు దగ్గర బావ ఎవరితోనో కబుర్లలో మునిగి ఉన్నాడు.

"ఇంకా అవలేదు బావా, గొట్టం తెస్తున్నా!"

అటు తిరిగే చెయ్యి ఊపాడు.

వచ్చేసరికి షెడ్డు ఖాళీ. బావ దగ్గర రెండో తాళం ఉంది. మా షెడ్డు ముందు రోడ్డు కాస్త దూరం చదునుగా పోయి నేరుగా వాలులోకి దిగుతుంది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. బుజ్జిది ఎత్తింది.

"మామయ్యా, బండి బాగుచేసేశావుగా! నాన్న నిన్ను తెగ పొగుడుతున్నాడు."

"ఎక్కడున్నారమ్మా?"

"కొండ దిగుతున్నాం."

"ఫోను నాన్న చెవి దగ్గర పెట్టు. తొందరగా!"

"ఏరా," అన్నాడు బావ, "స్టార్ట్ చేసి చూశా. పసిపాప నిద్రపోయినట్టుంది ఇంజన్. లైట్లు కూడా పోయాయి. నీ చేతిలో ఏదో మహత్తు ఉందిరా. బానెట్ నేనే మూసుకుని వచ్చేశా."

"బావా, బ్రేకుకు బలం లేదు! గొట్టం నేనే పీకాను! సెకండ్ గేర్‌లో ఉంచు!"

"న్యూట్రల్‌లో దిగుతున్నా కదరా, పెట్రోలు కలిసొస్తుందని... ఉండు. ఇదేంటి, పెడల్ రాయిలా ఉంది?"

"రెండు కాళ్లతో తొక్కు! హ్యాండ్ బ్రేకు లాగు! గేరు వెయ్యి!"

గేరు పడితే ఇంజన్ అరుస్తుంది. ఆ అరుపు కోసం ఫోను చెవికి నొక్కుకున్నాను. గేరు పళ్లు కరకరమన్నాయి, పడలేదు. మళ్లీ కరకర. అక్క ఏదో అరిచింది.

"నాన్నా, మెల్లగా పోనీ," అంది బుజ్జిది.

దాని గొంతు వెనక ఇంజన్ నేను సరిచేసినట్టే, ఎంతో శాంతంగా తిరుగుతోంది.