మందు కొలిచే చెయ్యి

పాత చీరముక్కతో ఖాళీ తూటా గొట్టాలు తుడుస్తోంది సామ్రాజ్యం. పగులు కనబడినదాన్ని పక్కన పడేస్తోంది. ఇంటిచాకిరీ చాలదన్నట్టు ఈ చాకిరీ కూడా ఆమె నెత్తినే పడింది. కువైట్ యుద్ధం సద్దుమణిగాక ఖతర్ వచ్చిన మొగుడు సాలమన్‌కు అల్ రయ్యాన్‌లో ఒక షేకు గారి తుపాకుల గది చూసుకునే పని. కాల్చేసిన తూటాలను మళ్ళీ నింపే మిషను షేకు తెప్పిస్తే, "నాకొచ్చు సార్" అని కోతలు కోసి, మిషన్నీ ఇంగ్లీషు పుస్తకాన్నీ తోట వెనక తాముండే ఒంటిగదికి మోసుకొచ్చాడు. పుస్తకం చదివిందీ, పని నేర్చుకున్నదీ ఈమె. పేరు మాత్రం ఆయనది.

"కూరలో ఉప్పేసినట్టు చెంచాతో పోసి మూసెయ్యడమేగా!" అంటాడు. ఉప్పెక్కువైన రోజు విసిరికొట్టిన కంచం ఆమెకింకా గుర్తే. పుస్తకం అంతకంటే మర్యాదగా మాట్లాడింది. కళ్ళద్దాలు పెట్టుకోమంది. గదిలో నిప్పు వద్దంది. బల్లమీద ఒకే రకం తుపాకీ మందు ఉండాలంది. పనిలో ఉన్న మనిషిని కదిలించొద్దంది. ఆమెను కదిలించొద్దని పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంకెవరూ అనలేదు.

ఆ శుక్రవారం ప్రార్థన కూటం నుంచి వచ్చి మంచమెక్కిన సాలమన్, ఆమె సగం గొట్టాల్లో మందు పోశాక కేకేశాడు.

"ఏమేవ్, టీ పెట్టవే! తల పగిలిపోతోంది."

"పని మధ్యలో ఉన్నానండీ."

"షేకు గారికంటే బిజీ అయిపోయావే! లే, యల్లా, తొందరగా!"

మందు డబ్బా మూసి, గొట్టాల పళ్ళెంతో సహా బయట గట్టుమీద పెట్టి వచ్చి స్టవ్ వెలిగించింది. టీ ఇచ్చి, స్టవ్ ఆర్పి, అన్నీ లోపలికి తెచ్చుకుని కూర్చుంది. ఎక్కడ ఆపిందో గుర్తుకు రాలేదు. అంచనాగా మొదలుపెట్టి, కొన్ని పోశాక అనుమానం వచ్చి టార్చి వేసి తొంగి చూసింది. ఒక గొట్టంలో మందు మిగతావాటికంటే బాగా పైకి ఉంది. రెండుసార్లు పోసేసింది. అది పేలిస్తే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. రేపు షేకు ఎదుట వీటిని పేల్చి చూపించేది సాలమనే.

వెంటనే వంపెయ్యాలి. కానీ ఆమె చెయ్యి సీసపు గుండు మీదికి పోయింది. దాన్ని పైన పెట్టి మిషను పిడి నొక్కితే చాలు, లోపల ఎంతుందో ఎవరికీ కనబడదు. మంచం మీంచి కేకలు ఉండవు. ఆ గుండును ఎంతసేపు పట్టుకుని కూర్చుందో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత గుండును బల్లమీద పెట్టేసింది. ఒక్క గొట్టంలోనూ మిగల్చకుండా మందంతా డబ్బాలోకి వంపేసి మూత బిగించింది. కళ్ళద్దాలు తీసి మొగుడి పక్కన పెట్టింది.

"అయిపోయిందా?"

"లేదండీ. ఇకనుంచి మీరే నింపుకోండి. పుస్తకం చదివి చెబుతాను."

"ఏం, మందంటే భయమేసిందా?" నవ్వాడు సాలమన్.

"మందంటే కాదు. ఇందాక ఒకదాంట్లో రెండింతలు పడింది. రేపు పేల్చేది మీరేనని తెలిసి కూడా, దాన్ని వంపెయ్యడానికి నా చెయ్యి వెంటనే లేవలేదు."