తాళం ఒకరిది, హెల్మెట్ ఒకరిది

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఇంటికొకరుంటే ఎలాగో సర్దుకుపోవచ్చు. పటమటలో ఆ ఇంట్లో ఇద్దరున్నారు, మనోజ్ఞా ఆమె మొగుడు జయంతూ. ఇద్దరూ కలిసి ప్రోగ్రాములు రాసే కంపెనీ పెట్టారు. కస్టమరంటే ఆటోనగర్‌లో స్పేర్‌పార్టులమ్మే వెంకటకృష్ణారావుగారొక్కరే.

నిన్న ఆయన ముందే జయంత్, "బిల్లు రావడంలో లేటంతా మనోజ్ఞ రాసిన దాన్లోనేనండీ" అనేశాడు. కట్టుకున్నవాడు బయటివాళ్ల ముందు అంత మాటంటాడా? మనోజ్ఞకు ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

పొద్దున్నే రావుగారి ఫోను. "అమ్మాయ్, కొట్లో సర్వరు బిగుసుకుపోయింది. ఎర్రర్ అని కూడా రావట్లేదు. మధ్యాహ్నంలోపు కదలకపోతే వేరేవాళ్లని చూసుకుంటానమ్మా, ఏమనుకోకు."

ఆయన చేజారితే కంపెనీ మూసుకోవడమే. మనోజ్ఞ బండి తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క హెల్మెట్టూ అప్పటికే జయంత్ చేతిలో ఉంది. హెల్మెట్ ఇమ్మని ఆమె అడగదు, తాళం ఇమ్మని అతను అడగడు. అడిగితే తగ్గినట్టేనాయె. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

నిలబడి నిలబడి మనోజ్ఞ తన చేతిలో తాళాన్ని చూసుకుంది, అతని చేతిలో హెల్మెట్టును చూసింది. సర్వరులో పనులు చేసేవి థ్రెడ్లు, అంటే పనివాళ్లే. బిల్లు రాసేవాణ్ణి ఆమె పెట్టింది, స్టాకు చూసేవాణ్ణి అతను పెట్టాడు.

"నావాడు బిల్లు పట్టుకుని స్టాకు కోసం చూస్తున్నాడు" అంది గోడతో. "ఇంకొకరివాడు స్టాకు పట్టుకుని బిల్లు కోసం చూస్తున్నాడు."

"ఎవరో ఒకరు చేతిలోది వదలాలి" అన్నాడు జయంత్ ఫ్యానుతో.

ఇద్దరూ ఒక్కసారే చేతిలోవి బల్లమీద పెట్టారు. ఒక్కసారే తీసుకున్నారు. ఇప్పుడు హెల్మెట్ ఆమె దగ్గర, తాళం అతని దగ్గర. మనోజ్ఞకు నవ్వాగలేదు.

"వదిల్తే చాలదండీ, వరస ఉండాలి. ఎవడైనా ముందు స్టాకు పట్టుకోవాలి, తర్వాతే బిల్లు."

"మరి మనకి?"

"రావుగారి ముందన్న మాట రావుగారి ముందే వెనక్కి తీసుకోవాలి. తర్వాతే మిగతా మాటలు."

కొట్లో మనోజ్ఞ వరస మార్చగానే సర్వరు కదిలింది. మార్చాల్సింది ఆమె రాసినదాన్నే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రావుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అయితే అబ్బాయ్, నువ్వన్నట్టు తప్పు అమ్మాయిదేనా?"

మనోజ్ఞ కీబోర్డు మీంచి తలెత్తలేదు.

"కాదండీ, నాది" అన్నాడు జయంత్. "ఎవరు ముందో నేనే తేల్చుకోలేదు."

తిరిగి బండెక్కేటప్పుడు మనోజ్ఞ, అడక్కుండానే, హెల్మెట్ అతని నెత్తిన పెట్టింది.