కొత్త లైను మీద ఈరన్న

ఆ పొద్దున చౌడేశ్వరికి మనసు ఒకచోట నిలవలేదు. గుంతకల్లు నుంచి ద్రోణాచలం వైపు బొగ్గు గూడ్సు పోతోంది. అందులో ఆమె అసిస్టెంటు డ్రైవరు, పక్క సీటులో బండి నడుపుతున్నది దేవేంద్రప్ప. సిగ్నల్ కనబడగానే ఆమె రంగు గట్టిగా చెప్పాలి, ఆయన తిరిగి పలకాలి. రెండుసార్లు ఆలస్యంగా చెప్పింది. ఆయన తలతిప్పి చూశాడు.

ఆమె ఆలోచనంతా జేజినాయన ఈరన్న మీదే ఉంది. తండ్రికి తండ్రి. తెల్లదొరలు వేసిన మీటరుగేజి మీద పొగబండ్లు తిరిగినన్నాళ్లూ ఆయన ఫైర్‌మన్. పారతో బొగ్గు ఎగదోసి ఎగదోసి కుడి భుజం కిందికి వాలిపోయింది. తర్వాత ఆ పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేశారు. డీజిలు ఇంజన్లు వచ్చాయి, వాటి వెనకే కరెంటు తీగలు వచ్చాయి. ఇప్పుడు పాత లైను పక్కనే రెండో లైను పడింది. ఊరి స్టేషన్లో బండ్లు ఆగడం మానేశాయి గానీ ఈరన్న లైను దగ్గరికి పోవడం మానలేదు. చెవులు మందగించాక ఇంట్లోవాళ్లు వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఈ పూట మన ఊరి మీదుగానే వస్తానని, డ్యూటీ ఎక్కేముందు ఆమే ఫోనులో నోరుజారింది. ఆయన వెంటనే ఫోను పెట్టేశాడు.

ఊరి దగ్గర మలుపు తిరగగానే పాత లైను మీద తెల్లపంచె కనబడింది. వీపు ఇటు పెట్టి నడుస్తున్నాడు. వాలిన భుజం చూసి గుర్తుపట్టింది. వాళ్ల గూడ్సు కొత్త లైను మీద ఉంది. ఆయన ఉన్న దారినే పోతే ఏ గండమూ లేదు. జాగ్రత్తకు దేవేంద్రప్ప హారన్ కొట్టాడు. అది విని ఈరన్న పక్కకు తప్పుకున్నాడు. పాత లైను దిగి, కొత్త లైను ఎక్కాడు.

దేవేంద్రప్ప ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. ఈరన్న నిదానంగా నడుస్తూనే ఉన్నాడు. కాళ్ల కింద అదురు తెలిసిందేమో, చివరికి తల తిప్పాడు. అంతలో ఇంజను ముందుభాగం ఆయన్ను కనబడకుండా కప్పేసింది.

బండి చాలా దూరం పోయి ఆగింది. పోయి చూసి రమ్మన్నాడు దేవేంద్రప్ప. ఆమె దిగి కంకర మీద వెనక్కి పరుగెత్తింది. ఒక్కో వ్యాగను దాటుతూ చక్రాల మధ్యకు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

ఈరన్న కట్ట కింద తుమ్మకంపల పక్కన కూచుని ఉన్నాడు. దూకాడో పడ్డాడో ఆయనకే తెలియదు. మణికట్టు వాచింది, మోకాళ్లు చీరుకుపోయాయి.

"పట్టాల మీద యాడికి పోతాండావు జేజినాయనా?"

"మోరీ వంతెన కాడికి. ఆడైతే నువ్వు బాగా కనపడతావని. కూత ఇనపడింది, తప్పుకుంటి. ఈ లైను ఇంకా తెరవలేదనుకుంటి."

"పోయిన వారమే తెరిచినారు."

"నాకెవరు చెప్పినారు?" అన్నాడు. మోకాళ్లు తుడుచుకుంటూ, "పొగబండి పక్కూర్లో ఉండంగానే తెలిసేదిమ్మా. ఇది శానా మెత్తగా వస్తాండాది" అన్నాడు.

తిట్టాలని వచ్చిన ఆమె తన తువ్వాలతో ఆయన చేయి కట్టింది. ఆయన కళ్లు వ్యాగన్ల మీదే ఉన్నాయి. లోపల బొగ్గేనా అని అడిగాడు. అవును, కరెంటు తయారుచేసే చోటికని చెప్పింది.

"అంటే బొగ్గు కాలబెట్టడం మానలేదు. యాడనో కాలబెడతాండారు" అన్నాడు.

పక్క పొలంలో నుంచి ఊరివాడు హనుమన్న బైకు తెచ్చి, ఆయన్ను పత్తికొండ ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. వెనక ఇంకో బండి ఆగి ఉంది, దేవేంద్రప్ప హారన్ కొడుతున్నాడు. ఇంకెప్పుడూ పట్టాల మీదికి రానని చెప్పమని ఆమె బతిమాలింది. ఈరన్న బైకు ఎక్కి కూచున్నాడు గానీ ఆ మాట అనలేదు.

ద్రోణాచలం చేరేదాకా ఆమె రెండు లైన్ల మీదా తెల్లటిదేదైనా కదులుతోందా అని చూస్తూనే ఉంది. దిగగానే హనుమన్న ఫోను చేశాడు. ఎముక విరిగిందని, కట్టు వేశారని, భయం లేదని చెప్పాడు. తిరుగు బండి ఏ లైను మీద వస్తుందో కనుక్కోమని పెద్దాయన ఒకటే పోరుతున్నాడని కూడా అన్నాడు.