అంచు నిలవని బొంత

వీధిలో అందరూ ఆమెను టేపమ్మ అనేవాళ్ళు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు మరి. పొద్దున్నే టైలరింగ్ కొట్టు తెరిచి, మిషనుకు నూనె వేసి, మొదటి బేరం వచ్చేలోగా తన బొంత ముందేసుకుని కూర్చునేది. నెలాఖరుకి కొట్టు ఖాళీ చేసి, వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఈలోగా బొంత పూర్తికావాలి.

ఆ బొంత ఆమె బతుకే. నడుమ చిన్నప్పటి గౌను ముక్క. పక్కన నాన్న చొక్కా జేబు. చెయ్యి పెట్టే అలవాటు పోక, జేబుగానే ఉంచి కుట్టింది. అమ్మ వంటింటి కర్టెన్, మసి మరకతో సహా. పని నేర్చుకునే రోజుల్లో తిరగేసి కుట్టి చీవాట్లు తిన్న చొక్కా చెయ్యి, ఇప్పటికీ తిరగేసే. పెళ్ళి మాట ఒకటి వచ్చి తప్పిపోయిన ఏడాదికి మాత్రం ముక్కే లేదు. ఆ ఏడాది బట్టలన్నీ చెల్లెలికిచ్చేసింది.

ఓ సాయంత్రం అంచు కుట్టి, దారం తెంపి, హమ్మయ్య అనుకుంది. తెల్లారి చూస్తే అంచు రెండు వేళ్ళు పక్కకి జరిగి ఉంది. మధ్యలో ఉత్త తెల్లగుడ్డ. చేతికందిన ముక్కలతో దాన్ని నింపి మళ్ళీ కుట్టింది. మళ్ళీ జరిగింది. గుడ్డ సాగుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది. ఆమెకు విసుగే తప్ప వింతేమీ అనిపించలేదు.

ఫోనులో చెల్లెలికి చెబితే, పెట్టెలో ఎలా పడుతుందని ఆవిడ బెంగ ఆవిడది.

"ఇంతకీ పొడవు పెరుగుతోందా, వెడల్పా?"

టేపమ్మ కొలిచి చూసింది. "వెడల్పేనే."

"ఒంటి మంచానికనేగా కుట్టుకున్నావక్కా?" అని చెల్లెలు నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు టేపమ్మకి నచ్చలేదు.

ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. చొక్కా గుండీ ఊడిందంటూ తరచూ వచ్చేవాడు. ఎప్పుడూ రెండో గుండీయే. అరిగి తెగిన దారం కొసలు పీచు పీచుగా ఉంటాయి. ఈయన దారం బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉండేది. ఆమెకు తెలుసు. తెలిసీ ముచ్చటగా కుట్టి పంపేది, ఆయన మళ్ళీ కోసుకోవడానికి. ఇద్దరూ ఆ మాట ఎత్తకుండానే జుట్టు నెరిసింది.

నెలాఖరు దగ్గర పడ్డాక ఆయన బూడిదరంగు గళ్ళ చొక్కా పట్టుకొచ్చాడు. గుండీలన్నీ ఉన్నాయి.

"ఏం ఊడిందండీ?"

"ఏమీ ఊడలేదు. ఊడితే మీరు కుట్టేసి పంపించేస్తారు." ఆయన చొక్కా కేసి చూస్తూ అన్నాడు. "నాకు ఇక్కణ్ణుంచి వెళ్ళాలని లేదు. మీరూ వెళ్ళకండి."

ఆమెకు సంతోషం, భయం రెండూ ఒక్కసారే కలిగాయి. చెల్లెలికి మాటిచ్చేసింది. కొట్టు చూడ్డానికి మనుషులు కూడా వచ్చిపోయారు. అలవాటు కొద్దీ చొక్కా తిరగేసింది.

మనిషి ఎప్పుడు లావెక్కుతాడో తెలియదని, ఎవరి చొక్కా కుట్టినా పక్క కుట్ల లోపల కాస్త గుడ్డ వదిలేది. ఎప్పుడో తనే కుట్టిన ఈ చొక్కాలో రెండు వేళ్ళంత వదిలింది. ఈ బక్కమనిషికి అంత ఎందుకు వదిలానా అని ఆమెకే నవ్వొచ్చింది. ఆ గుడ్డ కత్తిరిస్తే నాలుగు పట్టీలు వచ్చాయి. కొసకు కొస అతికి బొంత మీద పరిచింది. ఖాళీకి సరిగ్గా సరిపోయాయి. అంచు ఆమె కుడుతుంటే, అటు కొస ఆయన పట్టుకున్నాడు.

తెల్లారి ఆయన తన కొట్టు తెరవకుండానే వీధి దాటి వచ్చాడు. అంచు కుట్టినచోటే ఉంది. మధ్యాహ్నానికి కొట్టు అద్దెకు లేదని వీధంతా తెలిసింది.

చెల్లెలు ఫోను చేసి, ఏ బండికి వస్తున్నావని అడిగింది.

"రావట్లేదే. బొంత పెట్టెలో పట్టదు," అంది టేపమ్మ.

చెల్లెలు మెల్లగా అడిగింది. "వెడల్పు సరిపోయిందా అక్కా?"

"సరిపోయింది."